ఉస్తాద్ వస్తాదైన కథ

ఎన్నికలు దగ్గరపడ్డాయంటే తెలుగు పత్రికలన్నీ తాలీంఖానాలైపోతాయి. అభ్యర్థులు గోదాలోకి దిగుతారు. పార్టీలు సీట్ల సర్దుబాటు మీద కసరత్తు మొదలుపెడతాయి. ఒకరు పట్టు బిగిస్తారు, ఇంకొకరు పట్టు సడలిస్తారు. చివరికి ఎవరో ఒకరు చిత్తుగా ఓడిపోతారు. ఇటు ఉర్దూలోనూ అటు తెలుగులోనూ వార్తలు రాసుకుంటూ ఇరవై ఏళ్ళుగా బతుకుతున్న మాకు ఈ మాటలు చూస్తే ఒక్కోసారి నవ్వొస్తుంది, ఒక్కోసారి మనసు చివుక్కుమంటుంది. మాటలన్నీ మిగిలాయి. అవి పుట్టిన మట్టి గోదా మాత్రం చాలా బస్తీల్లో మిగల్లేదు.

కుస్తీ పారశీక పదం. కసరత్తు అరబీలో పుట్టి ఉర్దూ మీదుగా తెలుగుకొచ్చింది. కుస్తీలో వెల్లకిలా పడి రెండు భుజాలూ నేలకు తాకితే చిత్ అంటారు. మన చిత్తులో వినబడేది ఆ మాటే. తాలీం అంటే చదువు. ఉస్తాద్ అంటే ఆ చదువు చెప్పేవాడు. ఈ ఉస్తాదే తెలుగులోకొచ్చి వస్తాదయ్యాడు. మొదట్లో వస్తాదంటే సాము నేర్పేవాడు. తర్వాత కండలు తిరిగినవాడు. ఆ తర్వాత కండబలంతో నలుగురినీ బెదిరించేవాడు. గురువుతో బయల్దేరిన మాట గూండా దగ్గర వచ్చి ఆగింది. పహిల్వాన్ అన్న మాటకూ ఇదే గతి పట్టింది. ఈ మాటల వెనుక మనుషులున్నారు. వాళ్ళలో చాలామంది మావాళ్ళు. అందుకే ఈ కథను మా ఊరి నుంచి, లష్కర్ నుంచి చెప్పుకోవాలని మా ప్రయత్నం.

సికింద్రాబాద్‌ను పాతవాళ్ళు ఇప్పటికీ లష్కర్ అనే అంటారు. లష్కర్ అంటే సైన్యం, సైన్యపు విడిది. 1806లో మూడో నిజాం సికందర్ జా పేరు మీద ఈ ఊరు వెలిసింది. హుస్సేన్ సాగర్‌కు ఇవతల ఇంగ్లీషువాళ్ళ కంటోన్మెంటు, అవతల నిజాం రాజధాని. పల్టన్ల వెంట నడిచొచ్చినవాళ్ళే ఈ ఊరి జనం. తమిళ ముదలియార్లు, మరాఠీలు, పార్సీలు, ఉత్తరాది సిపాయిలు, డోలీలు మోసిన తెలుగువాళ్ళు, మాంసం, పాలు, తోలు, గుర్రపు నాడాల పనుల్లో బతికిన ముస్లిములు. ఆషాఢంలో ఉజ్జయినీ మహంకాళికి ఎత్తే బోనాలను ఈ ఊరు లష్కర్ బోనాలని పిలుచుకుంటుంది. అమ్మవారి పండుగ పేరు ముందు ఉర్దూ మాట ఉండటం ఏ భక్తునికీ ఇబ్బంది కాలేదు. అదే లష్కర్ అన్న మాట టీవీ తెర అడుగున పరుగెత్తే వార్తల్లో కనబడితే మాత్రం పక్కింటివాళ్ళు మా వైపు ఒకసారి చూసి తల తిప్పుకుంటారు. మాట ఒకటే. చూపు మారింది.

సైన్యం ఉన్నచోట కుస్తీ ఉంటుంది. పల్టన్లలో పోటీలు జరిగేవి, బజార్లలో తాలీంలు నడిచేవి. చెరువుకు అవతలి వైపు ధూల్‌పేట, బేగంబజారు, మంగళ్‌హాట్‌ల అఖాడాలు పేరు మోసినవి. నిజాం కొలువులోని అరబ్బు సైనికుల బారక్సులే బార్కస్ అయ్యాయి. ఆ బస్తీ పహిల్వాన్లకు ఇప్పటికీ పేరుంది. మా ఇళ్ళల్లో పెద్దవాళ్ళ జ్ఞాపకాలన్నీ ఈ తాలీంల చుట్టూ తిరిగేవి. ఎవరు ఎంత పాలు తాగేవారో, ఎవరు ఎన్ని దండీలు తీసేవారో, ఎవరి మెడ ఎంత మందమో చెబుతూ చెబుతూ వాళ్ళ కళ్ళు మెరిసేవి. మేము చూడని స్వర్ణయుగం అది. చూడకపోయినా మాకు వారసత్వంగా వచ్చింది. పొలాలు, ఇళ్ళు రాలేదు కానీ ఈ బెంగ వచ్చింది.

తాలీంఖానా అంటే పెద్ద భవనమేమీ కాదు. పైన రేకులో పెంకులో, మధ్యలో తవ్విన గుంట, గుంటలో ఎర్రమట్టి. రాళ్ళూ వేర్లూ ఏరేసి, జల్లించి, నూనె, మజ్జిగ, పసుపు కలిపి ఆ మట్టిని పదును చేస్తారు. గీరుకుపోయినా పుండు పడకూడదని ఆ జాగ్రత్త. తెల్లవారకముందే శాగిర్దులు పారలు పట్టి మట్టిని తిరగెయ్యాలి. అదే మొదటి కసరత్తు. తర్వాత వందల లెక్కన దండీలు, బస్కీలు. తర్వాత బరువైన కొయ్య జోడీలు భుజాల మీదుగా తిప్పటం. అన్నీ అయ్యాకే పట్లు. ధోబీ చాకిరేవు బండ మీద గుడ్డను బాదినట్టు ఎదుటివాణ్ణి భుజం మీంచి విసిరే పట్టు పేరు ధోబీ పఛాడ్. పాలు, బాదం, నెయ్యి తిండి. పెళ్ళి, పొగ, మందు, సినిమా అన్నీ ఉస్తాద్ అనుమతి మీద. శాగిర్దు ఉస్తాద్ కాళ్ళు పిసుకుతాడు. ఉస్తాద్ శాగిర్దు మెడ విరగకుండా కాపాడతాడు.

మల్లయుద్ధం ఈ నేలది. మొఘలుల కాలంలో ఇరాన్ పద్ధతి దానితో కలిసింది. ఆ కలయికకు పుట్టిన బిడ్డ మన కుస్తీ. అందుకే దాని ఒంట్లో రెండు రక్తాలూ ఉన్నాయి. గోదాలోకి దిగేముందు మట్టి తీసి నుదుటికి అద్దుకోవటం అందరికీ ఒకటే రివాజు. ఒకడు బజరంగ్‌బలీ అంటాడు, ఒకడు యా అలీ అంటాడు, ఇద్దరూ ఒకే గుంటలో తొడలు చరుస్తారు. ఇంకో మాట కూడా చెప్పాలి. కుస్తీలో ఒకరి చెమట ఒకరికి అంటుకుంటుంది. ఒకరి చేతి నీళ్ళు ఇంకొకరు ముట్టని దేశంలో, ఒకరి వాడలోకి ఇంకొకరు అడుగుపెట్టని కాలంలో, ఇద్దరు పరాయివాళ్ళు ఒంటి మీద లంగోటీ తప్ప ఏమీ లేకుండా ఒకరినొకరు కావలించుకుని మట్టిలో దొర్లారు. ఉపన్యాసాల్లో మనం వల్లించే సామరస్యం కన్నా ఇది చాలా ముతకది, చాలా నిజమైంది.

ఆ రోజుల ఎత్తు తెలియాలంటే గామా పేరు చెప్పుకోవాలి. గులాం మహమ్మద్ అనే గామా 1878లో పంజాబులో స్థిరపడిన కాశ్మీరీ కుటుంబంలో పుట్టాడు. దతియా రాజు పెంచాడు, తర్వాత పటియాలా రాజు పోషించాడు. 1910లో గామా, తమ్ముడు ఇమాం బక్ష్ లండన్ వెళ్ళారు. ఆ ప్రయాణానికి డబ్బు పెట్టింది శరత్ కుమార్ మిత్రా అనే బెంగాలీ హిందువు. పొట్టిగా ఉన్నాడని అక్కడివాళ్ళు గామాను మొదట పోటీలోకే రానివ్వలేదు. అతను బహిరంగంగా సవాలు విసిరాడు. అమెరికన్ రోలర్‌ను ఓడించాడు. 1910 సెప్టెంబరు 10న పోలండ్ వీరుడు జిబిస్కోతో తలపడ్డాడు. రెండున్నర గంటలకు పైగా జిబిస్కో చాలాభాగం నేలకు కరుచుకుని పడుకునే ఉన్నాడు. వారం తర్వాత మళ్ళీ పట్టాల్సిన కుస్తీకి అసలు రానేలేదు. జాన్ బుల్ బెల్టు గామాకు దక్కింది. 1928లో పటియాలాలో ఇద్దరూ మళ్ళీ తలపడితే జిబిస్కోను చిత్ చెయ్యటానికి గామాకు నిమిషం కూడా పట్టలేదు. తెల్లవాడి రాజ్యంలో తెల్లవాణ్ణి మట్టి కరిపించిన ఒక ముస్లిం వెనుక దేశమంతా నిలబడింది. అతని మతం ఏమిటని ఆరా తీసి చప్పట్లు కొట్టలేదు.

సరిగ్గా అదే కాలంలో తెలుగు దేశానికి కోడి రామ్మూర్తి నాయుడు ఉన్నాడు. వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో సాము నేర్చి, వ్యాయామం నేర్పే ఉపాధ్యాయుడై, ఆ తర్వాత సర్కస్ పెట్టి, గుండెల మీద ఏనుగును నిలబెట్టుకుని, మోటారు కార్లను ఆపి కలియుగ భీముడనిపించుకున్నాడు. ఆయన పేరు మీద శ్రీకాకుళంలో స్టేడియం ఉంది, విశాఖ సముద్ర తీరంలో విగ్రహం ఉంది. ఉండాలి కూడా. ఆయనను చూసి మేమూ గర్వపడతాం. రామ్మూర్తి మనవాడైనట్టే గామా కూడా మనవాడేనని ఇంకా అంటున్నామా అన్నదే మా ప్రశ్న. మా చిన్నప్పుడు బస్తీలో ఎవడైనా ఛాతీ విరుచుకు నడిస్తే, ఏరా, గామా పహిల్వాన్ అనుకుంటున్నావా అని హిందూ ముసలమ్మలు కూడా ఆటపట్టించేవారు. ఇప్పుడా మాట వినబడదు.

ఇంతవరకు చదివినవాళ్ళు మేము పాత రోజులకు గంధం పూస్తున్నామని అనుకోవచ్చు. ఆ పని మాకు ఇష్టం లేదు. మా ముస్లిం సమాజంలో పాత వైభవం చెప్పుకుని ఏడ్చేవాళ్ళు ఇప్పటికే ఎక్కువయ్యారు. నవాబులు కుస్తీ పట్టలేదు, పట్టించారు. గుర్రాన్ని పెంచినట్టు, పందెం కోడిని పెంచినట్టు పహిల్వాన్‌ను పెంచారు. పాలకు, బాదానికి డబ్బిచ్చిన దొర ఒకరోజు కౌలుదారు ఇంటి మీదికి పొమ్మంటే పహిల్వాన్ కాదనగలడా? వస్తాదు అన్న మాటకు బెదిరింపు వాసన పట్టింది పత్రికల వల్లనే కాదు. దేవిడీలకూ గడీలకూ అందులో వాటా ఉంది. ఇక తాలీం తలుపు అన్ని కులాలకూ ఒకే రీతిగా తెరిచి ఉండేదని కూడా అనలేం.

ఆడవాళ్ళకైతే ఆ తలుపు మూసే ఉంది. తోసుకుని వచ్చింది హమీదా బాను. మీర్జాపూర్‌లో పుట్టి అలీఘర్‌లో తాలీం పొందింది. మగవాళ్ళలో తనను ఓడించినవాణ్ణి పెళ్ళాడతానని సవాలు చేసింది. 1954 మే నెలలో బరోడాలో బాబా పహిల్వాన్‌ను రెండు నిమిషాల లోపే పడగొట్టింది. అదే ఏడు బొంబాయిలో రష్యన్ వనిత వేరా చిస్టిలిన్‌ను నిమిషం లోపే ఓడించింది. చప్పట్లు కొట్టిన జనమే ఆమె మీద రాళ్ళు కూడా వేసింది. ఆడది లంగోటు కట్టటమేమిటని హిందూ పెద్దలూ ముస్లిం పెద్దలూ కలిసికట్టుగా ముఖం చిట్లించారు. చివరి రోజుల్లో ఆమె కల్యాణ్‌లో పాలు అమ్ముకుని బతికింది. మా స్వర్ణయుగపు లెక్కల్లో ఈమె పేరు కూడా రాయాలి.

మతం గోదాలోకి దిగటం కూడా 1947 కన్నా ముందే మొదలైంది. 1930లలో హైదరాబాద్ రాజ్యంలో ఆర్యసమాజ్ వ్యాయామశాలలు పెరిగాయి. నిజాం సర్కారు వాటి మీద ఆంక్షలు పెట్టింది. 1938-39 సత్యాగ్రహం నాటికి అది కూడా ఒక ఫిర్యాదయింది. ఇటుపక్క కాసిం రజ్వీ రజాకార్లు కవాతులు మొదలుపెట్టారు. ఒంటికి నేర్పే చదువు మూకకు నేర్పే చదువుగా మారింది. తాలీంలో శత్రువు ఎప్పుడూ ఒక్కడే, ఎదురుగా ఉంటాడు, పేరున్నవాడు, కుస్తీ అయ్యాక కావలించుకునేవాడు. కవాతులో శత్రువు ఒక గుంపు. ఈ తేడా చెరిగిపోయిన రోజునే గోదాకు గొయ్యి తవ్వటం మొదలైందని మేము అనుకుంటాం.

తర్వాత దేశం రెండైంది, కుస్తీ కూడా రెండైంది. గామా, ఇమాం బక్ష్, అతని కొడుకు భోలూ పాకిస్తాన్ పాలయ్యారు. లాహోర్‌లో తన వీధిలోని హిందువుల మీదికి వచ్చిన మూకకు గామా అడ్డంగా నిలబడ్డాడు. 1960లో చనిపోయేదాకా జబ్బుతో, పేదరికంతో గడిపిన అతనికి సరిహద్దు ఇవతల నుంచి బిర్లా నెలనెలా డబ్బు పంపాడు. దేశాలు తెంచుకున్నా గోదా బంధం తెగలేదు.

మాకు మాత్రం 1948 సెప్టెంబరు మరవరానిది. 13న మొదలైన పోలీసు చర్య అయిదు రోజుల్లో ముగిసింది. దాని వెనుక జిల్లాల్లో జరిగిన హత్యాకాండలో తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది పోయారని నెహ్రూ పంపిన సుందర్‌లాల్ బృందం లెక్కకట్టింది. ఆ నివేదిక దశాబ్దాల పాటు బయటికి రాలేదు. నిజాం సైన్యం రద్దయింది. అరబ్బుల్లో కొందరిని దేశం దాటించారు. 1949లో జాగీర్లు పోయాయి. జాగీర్లు పోవటం న్యాయమే, మేము దానికి ఏడవం. కానీ జాగీర్దారు కొలువులో సిపాయి, చప్రాసీ, పహిల్వాన్‌గా బతికినవాడికి ఇంకో బతుకు ఎవరూ చూపలేదు. నవాబు బంగళా అమ్ముకుని పాకిస్తానో లండనో పోయాడు. పహిల్వాన్ రిక్షా తొక్కాడు. తాలీంల మట్టి ఎండిపోవటం మొదలైంది అప్పుడే.

ఈ ఖాళీలోకి టిక్కెట్టు కుస్తీ వచ్చింది. మట్టి పోయి తాళ్ళు కట్టిన రింగు వచ్చింది, దీపాలు వచ్చాయి, వాల్‌పోస్టర్లు వచ్చాయి. 1950లు, 60లు దారాసింగ్ కాలం. హంగరీలో పుట్టిన కింగ్ కాంగ్‌తో అతని పోటీల కబుర్లు ఊరూరా పాకాయి. 1959లో కలకత్తాలో కామన్వెల్త్ బెల్టు గెలిచాడు. 1968లో బొంబాయిలో లూ థెజ్‌ను ఓడించి ప్రపంచ వీరుడనిపించుకున్నాడు. సినిమాలు వచ్చాయి. 1963 నాటి నర్తనశాలలో దండమూడి రాజగోపాల్ భీముడు, నెల్లూరు కాంతారావు మల్లుడు. జనం పురాణంలోనూ కుస్తీనే చూడటానికి ఎగబడ్డారు. సికింద్రాబాద్ సినిమా హాళ్ళలో దారాసింగ్ బొమ్మ ఆడితే నేల టిక్కెట్టు దగ్గర నిజమైన కుస్తీలే జరిగేవని మా పెద్దలు చెప్పేవారు. మా నాన్నల తరానికి స్వర్ణయుగం అంటే ఇదే. ఆ పోటీల్లో చాలావాటి ఫలితం ముందే రాసిపెట్టి ఉండేదని వాళ్ళకూ తెలుసు. అలాంటిదాన్ని ఉర్దూలో నూరా కుస్తీ అంటారు. తెలిసీ చూశారు, మురిసిపోయారు. ఒక విషయం మాత్రం గమనించాలి. ఆ నూరా కుస్తీలో దుర్మార్గుడి వేషం విదేశీయుడిది. జనం ఈలలు దారాసింగ్‌వి. ఆ ఈలలు వేసిన జనంలో మా నాన్నలు కూడా ఉన్నారు. ఒక సర్దార్జీ గెలిస్తే అది వాళ్ళ గెలుపు కూడా.

ఇక మా తరం. మా స్వర్ణయుగం మట్టిలో లేదు, క్యాసెట్లో ఉంది. గల్ఫ్ నుంచి మామలూ చిచ్చాలూ తెచ్చిన వీసీఆర్లలో, గంటకింత అద్దెకు తెచ్చిన టేపుల్లో, 1992 తర్వాత కేబుల్ తీగ మీద మా ఇళ్ళల్లోకి డబ్ల్యూడబ్ల్యూఎఫ్ వచ్చింది. హల్క్ హోగన్, బ్రెట్ హార్ట్, అండర్‌టేకర్. బడి సంచుల్లో ట్రంప్ కార్డులు. ఎత్తు, బరువు, ఛాతీ, కండ, ఆడినవి, గెలిచినవి, అన్నీ మాకు ఎక్కాల కన్నా బాగా వచ్చేవి. కార్డుల ఆటలో శ్రీనివాసూ మేమూ ఒకే మెట్ల మీద కూర్చునేవాళ్ళం. ఇవ్వాళ ఆ కార్డుల పెట్టె ఎవరైనా చూపిస్తే నలభై దాటిన మా స్నేహితులు బట్టతలలు మరిచిపోయి పిల్లలైపోతారు. ఆ బెంగ అబద్ధం కాదు. దాన్ని మేము తక్కువ చెయ్యం.

కానీ ఆ రింగులో మేము ఎవరం?

ఐరన్ షేక్ అనేవాడున్నాడు. అసలు పేరు హుసేన్ ఖోస్రో అలీ వజీరీ. ఇరాన్‌లో పెరిగిన నిజమైన కుస్తీ వీరుడు. అమెరికా వెళ్ళి 1971లో అక్కడి జాతీయ పోటీల్లో బంగారు పతకం గెలిచాడు, ఒలింపిక్ జట్టుకు సహాయ శిక్షకుడిగా పనిచేశాడు. వృత్తి కుస్తీలోకి వచ్చేసరికి అతనికి గుబురు మీసం, ముందుకు వంపు తిరిగిన బూట్లు, తలపాగా తగిలించి దుర్మార్గుణ్ణి చేశారు. అతను రింగులో ఇరానీ జోడీలు తిప్పి, ఇవి ఎవరైనా తిప్పగలరా అని సవాలు చేసేవాడు. జనం బూతులు తిట్టేవారు. ఆ జోడీలు మాకు కొత్త కాదు. మా తాతల తాలీంలో గోడకు ఆనించి ఉండేవి అవే. లష్కర్‌లో ఉస్తాద్ చేతిలో చదువుగా ఉన్న వస్తువు న్యూయార్క్‌లో విలన్ చేతిలో ఎగతాళి అయింది. 1984 జనవరిలో హోగన్ అతణ్ణి ఓడించాడు. ఆ రోజు నుంచే హోగన్ యుగం మొదలైందని చరిత్ర రాసుకున్నారు. మేము హోగన్ కోసం ఈలలు వేశాం.

1990 ఆగస్టులో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించింది. అక్కడ చిక్కుకున్న సుమారు 1,70,000 మంది భారతీయులను విమానాల్లో వెనక్కి తెచ్చారు. వాళ్ళలో హైదరాబాదీలు, కడప వాళ్ళు, గోదావరి వాళ్ళు ఉన్నారు. మా ఇళ్ళల్లో జీతాలు ఆగిపోయాయి, పెళ్ళిళ్ళు ఆగిపోయాయి. సద్దాం దండయాత్ర వల్ల నష్టపోయిన జనంలో మేమున్నాం. సరిగ్గా అప్పుడే అమెరికా రింగులో సార్జెంట్ స్లాటర్‌ను ఇరాక్ పక్షపాతిగా మార్చి, 1991 మార్చిలో హోగన్ చేత ఓడించారు. ఐరన్ షేక్‌కు ఇరాక్ యూనిఫాం తొడిగి కల్నల్ ముస్తఫా అని పేరు మార్చారు. ఎనిమిదేళ్ళు ఇరాక్‌తో యుద్ధం చేసి లక్షల ప్రాణాలు పోగొట్టుకున్న ఇరాన్ దేశస్థుడు ఇరాక్ కల్నల్ అయ్యాడు. ఏ దేశమైతేనేం, ముస్తఫా అన్న పేరు చాలు.

2004 చివరలో మహమ్మద్ హసన్ వచ్చాడు. సెప్టెంబరు 11 తర్వాత తన మీద పెరిగిన అనుమానాలను నిలదీసే అరబ్ అమెరికన్ పాత్ర. ఆ వేషం వేసినవాడు ఇటలీ మూలాలున్న అమెరికన్. మొదట్లో అతని మాటల్లో న్యాయం ఉండేది. న్యాయం మాట్లాడుతున్నందుకే జనం చేత తిట్టించారు. 2005 జులైలో ముసుగులు వేసుకున్న మనుషుల చేత ఎదుటివాడి పీక నులిమించిన దృశ్యం ప్రసారమైన రోజే లండన్‌లో బాంబులు పేలాయి. ఆ నెల గడవకముందే పాత్రను తీసేశారు. అబద్ధపు రింగులో కూడా మా పేరు గలవాడికి మూడో వేషం దొరకలేదు. విలన్‌గా ఉండాలి, లేదా లేకుండా పోవాలి.

ఇదంతా అమెరికా గొడవ అని కొట్టెయ్యవచ్చు. మా నగరంలో ఏం జరిగిందో చూద్దాం. 1978 నుంచి హైదరాబాద్‌లో అల్లర్లు పంచాంగంలో తిథుల్లా వచ్చిపడ్డాయి. చదువు లేని, కొలువు లేని కుర్రవాళ్ళు తాలీంలో చేరారు. రాజకీయాలవాళ్ళు, భూముల బేరగాళ్ళు వాళ్ళను చేరదీశారు. రెండు పక్షాల్లోనూ ఇదే జరిగింది. 1990 డిసెంబరు అల్లర్ల తర్వాత మనస్తత్వ పండితుడు సుధీర్ కకర్ ఈ నగరానికొచ్చి రాసిన పుస్తకంలో అల్లర్లలో ముందు నిలిచిన హిందూ పహిల్వాన్లతోనూ ముస్లిం పహిల్వాన్లతోనూ మాట్లాడాడు. ఇద్దరి మాటలూ పక్కపక్కన పెట్టి చదివితే ఒకే ఉస్తాద్ శాగిర్దులేమో అనిపిస్తుంది. అదే కసరత్తు, అదే పరువు, అదే మొండితనం. గుంట మాత్రం రెండైంది. ఒకప్పుడు ఒకే గోదాలో వినబడిన బజరంగ్‌బలీ, యా అలీ వీధిలోకొచ్చి ఒకదాని మీద ఒకటి విసురుకునే నినాదాలయ్యాయి.

అయితే వార్తలో తేడా ఉంది. మేము పనిచేసిన ఒక పత్రికలో డెస్కు మీదికి వచ్చే కాపీల్లో హిందూ నిందితుడు ఫలానా బస్తీ యువకుడు, ముస్లిం నిందితుడు ఫలానా పహిల్వాన్. తండ్రి ఎన్నడో కుస్తీ పట్టి ఉంటాడు, ఆ బిరుదు ఇంటిపేరై ఉంటుంది. కొడుకు టైలరింగ్ చేసుకుంటూ ఉంటాడు. వార్తలో పేరు చదవగానే పాఠకుడి మనసులో కత్తి మెరుస్తుంది. మేము ఒకసారి పెద్దాయనను అడిగాం, ఆ మాట అవసరమా అని. దాంట్లో తప్పేముంది, వాళ్ళు పెట్టుకున్న పేరే కదా అన్నాడు. నిజమే. మేము పెట్టుకున్న పేరే. ఇష్టపడి, గౌరవంతో పెట్టుకున్న పేరు. అర్థం మార్చింది మాత్రం మేమొక్కళ్ళమే కాదు.

ఇక్కడికొచ్చాక అసలు మాట చెప్పాలి. మేము దేనికోసం బెంగపడుతున్నాం? కండల కోసం కాదు. బాదం పాల కోసం అంతకన్నా కాదు. ఓడిపోయే హక్కు కోసం. దంగల్‌లో ముస్లిం పహిల్వాన్ హిందూ పహిల్వాన్ చేతిలో ఓడితే అది ఒక పహిల్వాన్ ఓటమి. ఉస్తాద్ తిడతాడు, శాగిర్దు లేచి ఒంటి మట్టి దులుపుకుంటాడు, రేపు తెల్లవారుజామున మళ్ళీ పార పడతాడు. కులం ఓడిపోలేదు, మతం ఓడిపోలేదు, దేశద్రోహం జరగలేదు. ఇవ్వాళ ఆ సౌకర్యం మాకు లేదు. మహమ్మద్ షమీ వికెట్లు తీసినన్నాళ్ళు దేశానికి ముద్దుబిడ్డ. 2021 అక్టోబరులో దుబాయిలో పాకిస్తాన్ చేతిలో భారత జట్టు పది వికెట్ల తేడాతో ఓడింది. పదకొండు మంది ఓడారు. తిట్లు ఒక్కడికి వచ్చాయి. నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2022లో, 2023లో ప్రపంచ బాక్సింగ్ కిరీటాలు గెలిస్తే తెలంగాణ అంతా మా బిడ్డ అంది. మేమూ మిఠాయి పంచాం. 2024 పారిస్‌లో ఆమె ఓడినప్పుడు మా గుండె దడదడలాడింది. ఓటమికి బాధపడ్డాం, దాని కన్నా ఎక్కువగా, ఎవరు ఏం అంటారోనని భయపడ్డాం. గెలిచినంతసేపే మనవాడు, మనమ్మాయి అనిపించుకునే మనుషులకు పౌరసత్వం అద్దె ఇల్లు లాంటిది. ప్రతి నెలా కిరాయి కట్టాలి.

లౌకికవాద మిత్రులు మమ్మల్ని గంగా జమునీ తహజీబ్ గురించి రాయమంటారు. రాస్తాం. కానీ ఆ తహజీబ్‌ను షేర్వానీ, బిర్యానీ, గజళ్ళ కింద కుదించకండి. అది నవాబు దివాన్‌ఖానాలో కన్నా తాలీంఖానా మట్టిలో ఎక్కువగా ఉండేది. పాలవాడు, కసాయి, రిక్షావాడు, డోలీ మోసేవాడు కలిసి కట్టుకున్న సంస్కృతి అది. దానికి కవిసమ్మేళనాలు లేవు కాబట్టి ఎవరూ రాసుకోలేదు. మా ముస్లిం పెద్దలకూ ఒక మాట. రింగులో మావాడికి విలన్ వేషం వేశారని ఏడ్చేటప్పుడు మన తాలీంలో ఆడపిల్లకు చోటు ఎందుకు లేకపోయిందో కూడా చెప్పుకోవాలి. మన పహిల్వాన్‌ను వాడుకున్న మన నాయకుడి పేరు కూడా చెప్పుకోవాలి.

మహారాష్ట్ర, కర్ణాటక సరిహద్దుల్లో జుక్కల్, మద్నూర్, బిచ్కుంద వైపు జాతరల్లో ఇప్పటికీ కుస్తీలు జరుగుతాయి. కొబ్బరికాయ పందెంతో మొదలవుతాయి. చిన్నపిల్లలు తలపడతారు, గెలిచినవాడికి కొబ్బరికాయ. పొద్దు వాలేకొద్దీ పందెం పెరుగుతుంది, చివరి కుస్తీకి వెండి కడెం. నాందేడ్ నుంచి, బీదర్ నుంచి, బోధన్ నుంచి పహిల్వాన్లొస్తారు. దేవుడి జాతరలో ముస్లిం పహిల్వాన్ తొడ చరుస్తాడు. జనం మతాన్ని చూసి కాకుండా పట్టును చూసి అరుస్తారు. అక్కడ డోలు మోగుతుంది, మరాఠీ, ఉర్దూ, తెలుగు కలగలిసి వినబడతాయి. గెలిచినవాడు కడెం తొడుక్కుంటాడు. ఓడినవాడి చేతిలో కూడా ఊరివాళ్ళు పదో పాతికో పెడతారు. అతను మట్టి దులుపుకుని, చొక్కా తొడుక్కుని, బస్సెక్కి ఇంటికి పోతాడు. బస్సులో అతణ్ణి ఎవరూ ఏమీ అడగరు.